కదలకుండ్రి

అమావాస్య నాడు ముహూర్తాలుండవు.
నా కెమెరాకు ఆ ఒక్క రాత్రే సెలవు,
నాకు ఆ ఒక్క రాత్రే పని.

సిరొంచ బస్టాండు వెనుక స్టూడియో.
బోర్డు మరాఠీల, బేరం తెలుగుల.
మాఘమంతా బరాతుల వెంట తిరిగి
తలంబ్రాల గింజలు ఇరుక్కున్న సంచిని
ఇయ్యాళ ప్రాణహిత ఇసుకల దించిన.

ఆరంగుళాల అద్దం.
వేళ్లు కాయలు కాసేదాక
నాలుగు నెలలు నేనే అరగదీసిన.
గొట్టం, బోరుకు దింపగా మిగిలిన పైపు.
కాళ్లు పాత కుట్టుమిషనువి.
మోటరు లేదు.
భూమి తిరిగినంతసేపూ దానికి ఎదురు
వెంట్రుక మందం, మళ్లా వెంట్రుక మందం
పిడిని వేలితో తిప్పుతుండాలె.

సన్నూ మడావి చెద్దరు పరిచి పట్టి
గాలికి అడ్డం నిలబడ్డడు.
వంతెన పడ్డంక ఆయన నావ ఆగింది,
నావ ఆగినంక నిద్ర ఆగింది.

"యాడికి తిప్పినవ్?"
మృగవ్యాధుడి కిందికి, రెండు వేళ్ల దూరం.
బళ్లె సారు దాన్ని వ్యాధ్ అన్నడు.
"మాకది ఒడ్డు చుక్క" అన్నడు సన్నూ.
"అవతలి మద్దిచెట్టు మీదికి అదొస్తే
నావ కట్టేసేటోళ్లం."

దాని కిందనే చిన్న మసక.
సూటిగ చూస్తే దాక్కుంటది,
పక్కకు చూస్తే వస్తది,
పెండ్లిచూపుల పిల్ల తమ్మునోలె.

ఇరవై సెకండ్లకొక ఫొటో, నూటఇరవై ఫొటోలు.
ముప్పై ఒకటో దాంట్ల ఇసుక లారీ లైట్లు వచ్చి పడ్డయి.
నలభై ఏడులో ఎవలదో ఉపగ్రహం
గోరుతో గీకినట్టు పోయింది.
అరవైలో సన్నూకు దగ్గొచ్చింది.
చెయ్యి అడ్డం పెట్టుకున్నడు గాని
మోచెయ్యి గొట్టానికి తాకనే తాకింది.

కెమెరా వెనుక అగ్గిపెట్టెంత తెర మీద
వంగి చూసిండు.
"అన్ని తెల్లగున్నయి, నడుమ ఒక్కటి ఎర్రగున్నదేంది?"
అది ముందుగాల ముసలిదైంది.
"అన్ని ఒక్క ఈడుయి అంటివి?"
ఒక్క ఈడే, ఒక్క మబ్బుకే పుట్టినయి.
బరువున్నది జల్ది కాలుతది.
చానసేపు నది చప్పుడే విన్నం.
"ఎన్నొద్దులు కలిసుంటయ్?"
కోట్ల ఏండ్లు. కాని ఇప్పటికే
ఒక్కోటి పక్కకు జరుగుతున్నది.
"గట్లయితే జల్ది తియ్యి మరి" అన్నడు.

చివరికి గొట్టానికి మూతపెట్టి
ఇంకో ఇరవై తీసిన.
"మూతపెట్టి ఎవని ఫొటో?"
కెమెరాదే. దాని లోపలి గులగుల ఉంటది గద,
అది చుక్కల్ల కలవొద్దు,
తీసెయ్యాలె.
సన్నూ తన ఛాతి మీద చెయ్యి పెట్టుకొని
ఏమో అనబోయి ఊకున్నడు.

తెల్లారేదాక కంప్యూటరు
ఒకదాని మీద ఒకటి పేర్చింది.
అన్నిట్ల ఉన్నది ఉంచింది.
ఒక్కసారే వచ్చింది తప్పనుకుంది, తుడిచింది.
లారీ పోయింది. ఉపగ్రహం పోయింది.
దగ్గు పోయింది.
మిగిలినయి కడిగి ఆరబెట్టిన గాజుపూసలు,
నడుమ ఒక్క పగడం.
మస్తుగున్నది.
ఆ రాత్రి నదికాడ ఎవ్వలూ లేనట్టున్నది.

అరవయ్యోది మళ్ల తీసి చూసిన.
ప్రతి చుక్కకూ ఒక కొక్కెం,
అన్నిటికీ ఒక్కటే వంపు,
ఒక్క దిక్కుకే తూలినయి.
కార్డు సైజుల కడిగి ఇచ్చిన.

తిప్పి తిప్పి చూసిండు.
"ఇందుల నేనేడున్న?"
ఆ వంపు చూపించిన.
గోరుతో ఒక్కోటి లెక్క పెట్టుకుంట
ఇరవై దాక పోయి ఆగిండు.
"అన్నిట్ల నేనేనా?"
అంగీ జేబుల పెట్టుకొని
కాపీకెంత అని అడిగిండు.

అమావాస్య ఎల్లిపోయి నాలుగొద్దులు.
అంకీసల పెండ్లి.
మేనత్తలు, తోడికోడండ్లు, రెండు రాష్ట్రాల చుట్టాలు
మూడు వరుసల్ల నిలబడ్డరు,
పిల్లలు కింద కూసున్నరు.
కదలకుండ్రి, అన్న.
వెనుక వరుసల ఎవలో దగ్గిండ్రు.
ఇంకోటి తియ్యలేదు.